పండుగప్పకు జబ్బు చేస్తే - మందు సంచీకి ముందు చూడవలసినవి



సముద్రపు చేపలను చెరువులో పెంచేటప్పుడు బాక్టీరియా వల్ల వచ్చే జబ్బులను గురించి ఈనాడు చెప్పుకుందాం. హైదరాబాదులో కూర్చున్నవారికి సముద్రపు చేపల మాట ఎందుకు అని కొందరు అడగవచ్చును. మీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ వైపు స్థిరపడిన కోస్తా కుటుంబాలు చాలా ఉన్నవి. వారిలో కొందరికి ఊళ్లో చెరువులున్నవి. కౌలుకిచ్చినవారు కొందరు, అన్న కొడుకునో తమ్ముడి కొడుకునో పెట్టి చేయిస్తున్నవారు కొందరు. చెరువు భీమవరం దగ్గర, పెట్టుబడి పెట్టినవారు మీర్‌పేటలో, మధ్య సుమారు 400 కిలోమీటర్ల దూరం. ఆ దూరాన్ని దాటించేది ఫోను ఒక్కటే. ఆ ఫోను సాధారణంగా ఇట్లా ఉంటుంది.

"బాబాయ్, రెండు రోజుల నుంచి పండుగప్ప మేత ముట్టడం లేదు. పొద్దున నాలుగు చేపలు గట్టుకు కొట్టుకొచ్చినాయి."

"మందుల షాపాయన ఏమన్నాడురా?"

"మేతలో కలిపే యాంటీబయాటిక్ ఉందంట. ఎందుకైనా మంచిది, వేసేయమన్నాడు."

"సరే, వేయించు. డబ్బులు పంపిస్తాను."

ఈ నాలుగు మాటల్లో మూడు పొరపాట్లు ఉన్నవి. ఒకటి, జబ్బు ఏదో తెలియకుండానే మందు నిర్ణయమైపోయింది. రెండు, మేత ముట్టని చేపకు మేతలో మందు పెట్టబోతున్నారు. మూడు, నీళ్లు ఎట్లా ఉన్నవి అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. మూడింటిలోను పెద్దది మూడవది. ఎందువల్లనో వివరంగా చూద్దాం.

క్రిమి ఎక్కడ నుంచి వస్తుంది?

పండుగప్ప సముద్రంలో గుడ్డు పెట్టి, పిల్లగా ఉన్నప్పుడు ఏటి ముఖాల్లోకి, ఉప్పుటేరుల్లోకి వచ్చి పెరిగే చేప. ఉప్పునీటిలోను బతుకుతుంది, మంచినీటిలోను బతుకుతుంది. చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి జలకృషి పరిశోధన సంస్థ, అనగా మనం సీబా అనే సంస్థ, 1997లో దీనిని హేచరీలో గుడ్లు పెట్టించి పిల్లలను తీయగలిగింది. 2007లో కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు విశాఖపట్నం వద్ద సముద్రంలోనే పంజరం కట్టి పండుగప్పను పెంచి చూపించారు. తరువాత అంతర్వేదిలో చూడటానికి చందువాను పోలి ఉండే పాంపనో చేపను కూడా తీరపు చెరువులో పెంచారు. ఇట్లా సముద్రపు చేప మన గట్ల మధ్యకు వచ్చింది. చేపతోపాటు సముద్రపు క్రిములూ వచ్చినవి.

వీటిలో ముఖ్యమైనది విబ్రియో. సూక్ష్మదర్శినిలో చూస్తే కొంచెం వంకర తిరిగిన చిన్న పుల్లవలె కనిపిస్తుంది. మనుషులకు కలరా తెచ్చే క్రిమికి ఇది దాయాది. దీనిలో చాలా రకాలున్నవి. యూరపులో మలుగు చేపలకు ఒళ్లంతా ఎర్రబడి చచ్చిపోయే తెగులు వస్తే, ఇటలీలో 1893లోనే దాని వెనుక బాక్టీరియా ఉన్నదని రాశారు. 1909లో స్వీడన్‌లో దానికి విబ్రియో అంగ్విల్లారమ్ అని పేరు పెట్టారు. అంటే ఇది కొత్త జబ్బు కాదు, మన చెరువులకు కొత్తగా వచ్చినది మాత్రమే.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తు పెట్టుకోవాలి. విబ్రియో ఎక్కడి నుంచో దండెత్తి వచ్చే దొంగ కాదు. ఉప్పునీరు, వెచ్చదనం ఉన్నచోట అది ఎప్పుడూ ఉంటుంది. నీటిలో ఉంటుంది, అడుగు బురదలో ఉంటుంది, ఆరోగ్యమైన చేప పేగులో కూడా ఉంటుంది. అయినా చేప నిక్షేపంగా తిరుగుతూనే ఉంటుంది. ఎందుకు? చేపకు మూడు కోటలున్నవి. ఒంటిమీద జిగురు, దాని కింద పొలుసు, చర్మం, లోపల నెత్తురులో ఉండే రోగనిరోధక శక్తి. ఈ మూడూ గట్టిగా ఉన్నంతకాలం క్రిమి బయటనే కాచుకుని ఉంటుంది. కోటకు గండి పడిననాడు లోపలికి పోతుంది.

పోయిన తరువాత దాని వేగం చూడండి. అనుకూలమైనచోట 20 నిమిషాలకు ఒకటి రెండవుతుంది అనుకుందాం. గంటకు 8, రెండు గంటలకు 64. పది గంటలయ్యేసరికి ఆ ఒక్కటీ 107 కోట్లు దాటుతుంది. రాత్రి పడుకునేటప్పుడు బాగున్న చెరువు తెల్లవారేసరికి ఎందుకు చెడిందని ఆశ్చర్యపడుతుంటాం. లెక్క ఇదీ.

గండి పెట్టేది ఎవరు?

తొంభై పాళ్లు మనమే. మొదటిది, ప్రాణవాయువు తగ్గడం. వెచ్చని ఉప్పునీరు చల్లని మంచినీటికంటె తక్కువ ఆక్సిజన్‌ను పట్టి ఉంచుతుంది. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ తీసుకుంటుంది. అందువల్ల తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికంటె తక్కువగా ఉంటుంది. లీటరు నీటికి 4 మిల్లీగ్రాములకు తగ్గనీయరాదు. 5 దాటి ఉంటే మంచిది. రాత్రిళ్లు కరెంటు మిగుల్చుకుందామని ఏరేటర్ ఆపితే, ఆ మిగిలిన డబ్బు మందుల షాపుకే పోతుంది.

మీర్‌పేట శ్రోతలకు ఇది కొత్త విషయం కాదు. హైదరాబాదు చుట్టూ మురుగు చేరే చెరువుల్లో ఎండాకాలం ఒకే తెల్లవారుజామున చేపలు గుంపులుగా తేలడం పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. అట్లా ఒక్కపూటలో చిన్నా పెద్దా అన్నీ ఒకేసారి తేలితే అది చాలావరకు క్రిమి పని కాదు, ఊపిరాడని చావు. క్రిమి జబ్బు అయితే ఇవాళ నాలుగు, రేపు పది, ఎల్లుండి ముప్పై అన్నట్లు పెరుగుతూ పోతుంది. ఈ తేడా ఫోనులోనే అడిగి తెలుసుకోవచ్చును.

రెండవది, దెబ్బ. పండుగప్ప వేటాడే చేప. తన పొడవులో సగానికి మించిన చేపను కూడా మింగగలదు. మింగలేనిదాన్ని కొరికి వదిలేస్తుంది. పిల్లదశలో పెద్దవీ చిన్నవీ కలిపి ఉంచితే తిన్నవి తిన్నంత పోగా, కొరుకుడుపడినవి గాయంతో తిరుగుతుంటాయి. ఆ గాయమే విబ్రియోకు తలుపు. అందుకే పిల్లలను వారానికొకసారైనా సైజువారీగా ఏరి వేరు చేయాలి. ఐతే ఆ ఏరడంలో మోటుతనం చూపితే మళ్లీ దెబ్బే. పొడి చేతులతో పట్టుకుంటే జిగురు ఊడిపోతుంది. ముడులున్న గరుకు వలతో లాగితే పొలుసు రాలిపోతుంది. ఎండపూట కాక, చల్లని వేళ మెత్తని వలతో, చేతులు తడుపుకొని చేయాలి. ముందురోజు మేత ఆపాలి.

మూడవది, మేత. ఎక్కడి నుంచో తెచ్చిన చిల్లర చేపను, ఐసు కరిగి వాసన పట్టినదాన్ని ముక్కలు కోసి వేస్తుంటారు. అది మేత మాత్రమే కాదు, క్రిములను గంపతో తెచ్చి పోయడం. తినగా మిగిలినది అడుగున కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది. పిల్లదశ నుంచి గుళికల మేత అలవాటు చేస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

నాలుగవది, నీటిలో హఠాత్తు మార్పు. పెద్ద వాన పడితే పైన మంచినీరు, అడుగున ఉప్పునీరు పొరలుగా నిలుస్తాయి. అడుగు పొరకు గాలి అందదు. వాన వెలిసిన మరుసటి రెండు మూడు రోజులు చెరువును కనిపెట్టి ఉండాలి.

ఐదవది, పరాన్నజీవులు. మొప్పల్లో చేరే పురుగులు, ఒంటిని పట్టే పేనులు చేపను చంపకపోయినా చర్మానికి చిల్లులు పెడతాయి. చేప ఒళ్లు గీరుకుంటూ పక్కకు పల్టీ కొడుతుంటే మొప్ప ఎత్తి చూడండి.

జబ్బును గుర్తించడం ఎట్లా?

విబ్రియో పట్టిన చేప మొదట మేత వదిలేస్తుంది. రంగు నల్లబడుతుంది. గుంపు విడిచి గట్టు పక్కన, నీటి పైభాగాన మందంగా తిరుగుతుంది. తరువాత రెక్కల మొదళ్లలో, నోటి చుట్టూ, మలద్వారం దగ్గర ఎర్రమచ్చలు కనిపిస్తాయి. కన్ను మసకబారవచ్చు, బయటకు ఉబ్బవచ్చు. పొలుసు ఊడి పుండ్లు పడతాయి. కోసి చూస్తే ప్లీహం ఉబ్బి ఉంటుంది, పేగులో మేత ఉండదు, నీళ్లవంటి ద్రవం ఉంటుంది.

మూతి, తోక, రెక్కల అంచులు పసుపుగా అరిగిపోతుంటే అది వేరొక బాక్టీరియా కావచ్చు. కన్ను ఉబ్బి, చేప గిరగిర తిరుగుతుంటే స్ట్రెప్టోకాకస్ అనే జాతి కావచ్చు. వేలెడైనా లేని పిల్లలు నల్లబడి, సుడులు తిరుగుతూ వేలకొద్దీ పోతుంటే అది బాక్టీరియానే కాకపోవచ్చు. నోడావైరస్ అనే మెదడు, కంటి జబ్బు అయి ఉండవచ్చు. వైరస్‌మీద ఏ యాంటీబయాటిక్‌కూ పని లేదు. ఆ మందు వేసినవారు నీళ్లలో డబ్బు పోసినట్లే. అందుకని పైచూపుతో మందు నిర్ణయించరాదు. పరీక్ష చేయించాలి.

పళ్లెంలో పసుపు చుక్క, ఆకుపచ్చ చుక్క

మన ఆక్వా ల్యాబుల్లో టి.సి.బి.ఎస్. అనే పళ్లెం మీద చెరువు నీటిని పూసి మరునాడు చుక్కలు లెక్కపెడతారు. "పసుపు వచ్చింది, భయం లేదు. ఆకుపచ్చ వచ్చింది, మునిగాం" అనే మాట చెరువు గట్లమీద బాగా పాతుకుపోయింది. ఇది రొయ్యల చెరువుల నుంచి వచ్చిన సగం నిజం.

ఆ పళ్లెంలో ఉన్నది మన వంటింటి పంచదారే. పంచదారను పులియబెట్టగల విబ్రియోలు పులుపు పుట్టిస్తాయి, అప్పుడు రంగు మారి చుక్క పసుపుగా కనిపిస్తుంది. పులియబెట్టలేనివి ఆకుపచ్చగానే ఉంటాయి. రంగు చెప్పేది ఇంతవరకే. ఆ క్రిమి చంపుతుందా, చంపదా అన్నది రంగు చెప్పదు. చేపలను చంపే విబ్రియో అంగ్విల్లారమ్ పసుపు చుక్కగానే వస్తుంది. మనుషుల కలరా క్రిమి కూడా పసుపు చుక్కే. పండుగప్ప పెంచేవారు పసుపును చూసి నిశ్చింతగా నిద్రపోరాదు.

నీటి పళ్లెం ఒక్కటే చాలదు. జబ్బు చేపను పంపాలి. చచ్చి కుళ్లినది కాదు. చచ్చిన చేపలో కుళ్లబెట్టే క్రిములన్నీ చేరిపోతాయి, అసలు దొంగ దొరకడు. ప్రాణం కొట్టుకుంటున్న చేపలు మూడు నాలుగింటిని ఆక్సిజన్ నింపిన సంచీలో పెట్టి, వీలుకాకపోతే అప్పుడే పట్టి ఐసులో పెట్టి, అదే రోజు ల్యాబుకు చేర్చండి. పోల్చి చూడటానికి బాగున్న చేపను ఒకదాన్ని విడిగా పంపండి. ల్యాబువారిని రెండు ప్రశ్నలు అడగండి. చేప లోపలి అవయవాల నుంచి ఏ క్రిమి వచ్చింది? దానిమీద ఏ మందు పనిచేస్తున్నది, ఏది చేయడం లేదు? కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థలోను, మీ జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలోను ఈ విషయమై సలహా అడగవచ్చును.

మందు ఎందుకు ఎదురు తిరుగుతుంది?

ఇక్కడ మన తెలుగువారికి ఒక చిత్రమైన సంబంధం ఉన్నది. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో పుట్టినది భీమవరంలోనే. అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలను ఆయన నడిపిన కాలంలోనే బెంజమిన్ డుగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. 1948లో అది లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. లక్షల ప్రాణాలు నిలబెట్టిన కుటుంబం అది. ఆయన పుట్టిన ఊరి చుట్టూ ఈనాడు కనుచూపుమేర చేపల, రొయ్యల చెరువులు. అదే కుటుంబపు మందును లెక్కాపత్రం లేకుండా చెరువులో పోస్తే దాని బలాన్ని మన చేతులతో మనమే తీసివేసినట్లవుతుంది.

ఎట్లాగంటే, పత్తి రైతులకు తెలిసిన సంగతే. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తిమీద శనగపచ్చ పురుగుకు ఎన్నిసార్లు మందు కొట్టినా చావలేదు. అంతకుముందు కొట్టిన మందులకు తట్టుకున్న పురుగులే పిల్లలను పెట్టాయి. క్రిముల సంగతీ అంతే. మందు వేస్తే బలహీనమైనవి చస్తాయి, తట్టుకున్నది ఒకటి మిగిలినా చాలు, 20 నిమిషాల లెక్క మళ్లీ మొదలవుతుంది. పైగా బాక్టీరియాకు ఇంకొక విద్య ఉన్నది. మందును తట్టుకునే రహస్యాన్ని పక్క క్రిమికి, వేరే జాతి క్రిమికి కూడా అందించగలదు. చెరువులో పుట్టిన ఆ రహస్యం రేపు మనిషి ఒంట్లోని క్రిమికి చేరవచ్చు. అప్పుడు మన ఇంట్లో పిల్లవాడికి జ్వరం వస్తే డాక్టరుగారు రాసిన మందు పనిచేయకపోవచ్చు.

ఇక మేతలో మందు మాట. జబ్బు చేప తినదు. తినేది ఆరోగ్యమైన చేప. కాబట్టి మందు అక్కర లేనిదానికి చేరుతుంది, అక్కర ఉన్నదానికి చేరదు. తినని మేతలోని మందు అడుగు బురదలోకి పోతుంది. చెరువు ఖాళీ చేసినప్పుడు కాలువలోకి, కాలువ నుంచి పొరుగువారి తూములోకి పోతుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ జాతి మందులు ఆక్వా చెరువుల్లో వాడటం నిషిద్ధం. కొలిస్టిన్‌ను ఆహారానికి పెంచే జంతువులలో వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2019లో ఆదేశించింది. సీసామీద పేరు, దినుసులు లేని మందును "విటమిన్" అని ఇచ్చినా తీసుకోకండి. అనుమతి ఉన్న మందు తప్పనిసరి అయినప్పుడు కూడా నిపుణుడు రాసిన మోతాదు, రాసినన్ని రోజులు వాడి, మందు ఆపిన తరువాత ఒంట్లోంచి పోయేదాకా ఆగి మాత్రమే పట్టుబడి చేయాలి.

మరి మందు లేకుండా ఎట్లా?

నార్వే దేశపు సంగతి వినండి. అక్కడ సముద్రంలో సాల్మన్ చేపను పంజరాల్లో పెంచుతారు. 1979 ప్రాంతంలో హిట్రా దీవి దగ్గర చల్లనినీటి విబ్రియో జబ్బు మొదలై పంజరాలను ఊడ్చిపెట్టింది. రైతులు మందులు కుమ్మరించారు. 1987లో ఆ దేశపు చేపల పెంపకంలో వాడిన యాంటీబయాటిక్ సుమారు 48 టన్నులు. తరువాత టీకాలు వచ్చినవి. పిల్లదశలోనే చేపకు టీకా వేసి, పంట పంటకు మధ్య ఆ చోటును కొంతకాలం ఖాళీగా వదిలారు. ఉత్పత్తి పది లక్షల టన్నులు దాటింది, 2015 నుంచి మందు వాడకం ఏడాదికి ఒక టన్నుకు లోపలే ఉంటున్నది. చేప ఇరవై రెట్లు పెరిగింది, మందు నలభై ఎనిమిదవ వంతుకు కూడా మిగలలేదు.

మన పండుగప్పకు నోడావైరస్ టీకాను సీబా సంస్థ తయారుచేసింది. పిల్లలు కొనేటప్పుడు టీకా వేశారా, వైరస్ పరీక్ష చేశారా అని హేచరీవారిని అడగండి. అడిగేవారు ఎక్కువైతేనే వేసేవారు ఎక్కువవుతారు. టీకా అందనిచోట కూడా నార్వేవారి రెండవ పాఠం, అనగా చోటుకు విశ్రాంతి ఇవ్వడం, మన చేతిలోనే ఉన్నది. పంట తీయగానే చెరువు ఎండగట్టి, నేల నెర్రెలిచ్చేదాకా ఉంచి, నల్లబురద తీసివేసి, సున్నం చల్లి, వడగట్టిన నీరు పెట్టాలి.

ఫోనులో అడగవలసిన ప్రశ్నలు

దూరాన ఉండి చెరువు చేయించేవారు ఈ ప్రశ్నలను ఒక కాగితంమీద రాసి ఫోను దగ్గర పెట్టుకోవాలి. విస్తరణ కార్యకర్తలు కూడా గట్టుమీద వీటినే వరుసగా అడగాలి.

1. తెల్లవారుజామున ఆక్సిజన్ ఎంత ఉన్నది? చూశారా, అంచనా చెబుతున్నారా?
2. చేపలు ఒక్కసారిగా తేలాయా, రోజురోజుకు పెరుగుతూ పోతున్నవా?
3. గత వారంలో వల వేశారా? సైజు ఏరారా? పెద్ద వాన పడిందా?
4. మేత మార్చారా? మిగిలిన మేత అడుగున ఉన్నదా?
5. మొప్ప ఎత్తి చూశారా? ఒంటిమీద గాయాలు, పేనులు ఉన్నవా?
6. ప్రాణమున్న చేపను ల్యాబుకు పంపారా?

ల్యాబు జవాబు వచ్చేలోపల చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. మేత తగ్గించండి, అసలు తినకపోతే ఆపండి. ఏరేటర్లు రాత్రంతా నడపండి. మంచి నీరు దొరికితే కొద్దికొద్దిగా మార్చండి. చచ్చిన చేపలను రోజుకు రెండు పూటలా ఏరి, కాలువలో పారవేయక, గట్టుకు దూరంగా గొయ్యి తీసి సున్నంతో పూడ్చండి. చచ్చిన చేపను బతికిన చేప కొరికితే జబ్బు అట్లాగే పాకుతుంది. ఆ చెరువులో వాడిన వలను ఎండబెట్టి శుభ్రం చేయకుండా ఇంకొక చెరువులో దించకండి. పక్క చెరువు రైతుకు ముందే కబురు చెప్పండి. జబ్బును దాచుకుంటే తూము దాటకుండా అది ఆగదు.

పనివారి క్షేమం కూడా చూడాలి. చేపల విబ్రియో, స్ట్రెప్టోకాకస్ జాతుల్లో కొన్ని మనుషుల చేతి గాయాల ద్వారా ఒంట్లోకి పోగలవు. 1995-96లో కెనడాలోని టొరంటోలో చేపలు శుభ్రం చేస్తూ చేతికి గుచ్చుకున్నవారు ఈ స్ట్రెప్టోకాకస్ వల్ల ఆసుపత్రి పాలయ్యారు. పండుగప్ప రెక్క ముల్లు పదునైనది. చేతికి తొడుగు వేసుకోమనండి. ముల్లు గుచ్చుకుంటే వెంటనే సబ్బుతో కడిగి, వాపు గాని జ్వరం గాని వస్తే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించమనండి. కాలేయం జబ్బు, మధుమేహం ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

చివరకు చెప్పేదేమంటే, క్రిమి లేని చెరువు ఎక్కడా లేదు, ఉండబోదు. క్రిమి ఉన్నా చేప నిలిచే చెరువును మనం చేసుకోగలం. అది నీటితో, మేతతో, మెత్తని చేతితో అయ్యే పని. ఈసారి ఊరి నుంచి ఫోను వచ్చినప్పుడు "మందుల షాపాయన ఏమన్నాడు?" అనేది ఆఖరి ప్రశ్న కావాలి. మొదటి ప్రశ్న "నీళ్లు ఎట్లా ఉన్నాయిరా?" అని ఉండాలి.